కరెంటు లేని తోటకు సోలార్ కెమెరా: ముసురు పట్టినా ఆగకుండా పెట్టుకోవడం ఎలా

విశాఖలో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ ఊరి బయట ఒక చోటు ఉన్నవాళ్లు చాలామంది. ఆనందపురం అవతల మామిడి తోట కావచ్చు, సబ్బవరం దగ్గర కొన్న ప్లాటు కావచ్చు, భీమిలి వైపు రొయ్యల చెరువు కావచ్చు. పగలు ఎలాగో గడుస్తుంది, చీకటి పడితే టెన్షన్ మొదలు. బోరు కేబుల్ కోసుకుపోతారు, స్టార్టర్ పెట్టె విప్పుకుపోతారు, హద్దు రాళ్లు రాత్రికి రాత్రి జరుగుతాయి. ఇలాంటి చాలా చోట్లకు కరెంటు లైను ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. కాపలా మనిషిని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. ఇలాంటి చోటికి సోలార్ మీద నడిచే వైర్‌లెస్ కెమెరా బాగా పనికొస్తుంది.

సామాను దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా వానల్లో ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ వెనకే అక్టోబరు, నవంబరులో వాయుగుండాలు. మబ్బు పట్టిందంటే ఒక్కోసారి మూడు నాలుగు రోజులు సూర్యుడు కనబడడు. చాలా కెమెరాలు సరిగ్గా అప్పుడే ఆగిపోతాయి. దొంగకు అనువైన రాత్రులూ అవే. వాన హోరులో కుక్క మొరిగినా వినబడదు, దారిలో మనిషి ఉండడు. అందుకే కింది లెక్కలన్నీ ముసురు రోజును దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాను. మే నెల ఎండలో ఏ కెమెరా అయినా నడుస్తుంది.

1. ముందు ఏం చూడాలో తేల్చుకోండి

ఒక కాగితం మీద స్థలం గీసి, మనిషి లోపలికి రాగల దారులు గుర్తు పెట్టండి. గేటు, కంచె తెగిన చోటు, గెడ్డ దాటి వచ్చే కాలిబాట, బోరు షెడ్డు. ఎకరాల తోటంతా ఒక్క కెమెరాలో కనబడాలని ఆశపడితే తోట కనబడుతుంది గానీ మనిషి ముఖం కనబడదు.

దీనికో కొలత ఉంది. కొత్త మనిషి ముఖాన్ని గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెల్స్ (బొమ్మలోని చుక్కలు) ఉండాలని నిఘా కెమెరాల ప్రమాణాలు చెబుతాయి. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ వెడల్పు 1920 పిక్సెల్స్. అంటే కెమెరా సుమారు ఏడున్నర మీటర్ల వెడల్పును చూస్తున్నంత వరకే ముఖం పోల్చుకోగలం. షాపులో మామూలుగా ఇచ్చే 4 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ వెడల్పు అయిదు మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. అవతల ఉన్నది మనిషో ఆవో తెలుస్తుంది, ఎవరో తెలియదు. 12 మిల్లీమీటర్ల లెన్సు పెడితే అదే స్పష్టత పదిహేను మీటర్ల దాకా వస్తుంది, కానీ పక్కలు కనబడవు.

కాబట్టి గేటుకు సన్నగా, దగ్గరగా చూసే కెమెరా ఒకటి పెట్టండి. డబ్బు ఉంటే తోటంతా చూసే వెడల్పు కెమెరా రెండోది. ఒక్కటే కొనగలిగితే నా సలహా గేటు కెమెరానే. ఎవరు వచ్చారో తెలిస్తే మిగతా కథ పోలీసులకు చెప్పగలరు. ఏదో నల్లటి ఆకారం తోటలో తిరిగిందని చెబితే లాభం లేదు.

2. సిగ్నల్ చూడండి, అదీ రాత్రిపూట

కెమెరా లోపలి సిమ్ మీదే వీడియో మీ ఫోనుకు వస్తుంది. నేల మీద నిలబడి ఫోనులో గీతలు చూసి సరే అనుకోకండి. కెమెరా ఏ ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తుకు నిచ్చెన వేసుకుని, ఫోను పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. మనకు కావలసింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య, అందరూ ఫోన్లలో ఉండే వేళ 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వస్తే చాలు. రెండు మూడు కంపెనీల సిమ్‌లతో చూడండి. కొండల మధ్య ఉన్న చోట ఒక కంపెనీ బాగా అందుతుంది, ఇంకోటి అసలు అందదు. అరకు, పాడేరు వైపు అయితే ఒక్కో లోయకూ తేడా.

సిగ్నల్ అసలే లేకపోతే, దగ్గరలో ఇంటర్నెట్ ఉన్న ఇల్లో ఊరో ఉంటే వైర్‌లెస్ బ్రిడ్జి వేసుకోవచ్చు. రెండు చిన్న డిష్షులు, ఎదురెదురుగా. 5.8 గిగాహెర్ట్జ్‌లో నడిచే వీటికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఒకదానికొకటి కనబడితే చాలదు. కిలోమీటరు దూరానికి దారి మధ్యలో ఆ గీత చుట్టూ రెండు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. తాటి మట్టలు, సరుగుడు కొమ్మలు అడ్డొస్తే సిగ్నల్ పడిపోతుంది, తడిసిన ఆకులైతే మరీ. వేసవిలో పెట్టి బాగుందనుకున్న లింకు ఆగస్టులో తెగిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. ఇంకో మాట, బ్రిడ్జికి రెండు వైపులా కరెంటు కావాలి. తోట వైపు డిష్షు తినేది కూడా మీ బ్యాటరీ లెక్కలో కలపాలి.

3. కెమెరా రకం

బజారులో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి నిద్రపోయే కెమెరా. అరచేతి అంత ప్యానెల్, లోపలే బ్యాటరీ, మనిషి వేడి తగిలితే లేచి పది సెకన్లు రికార్డు చేసి మళ్లీ పడుకుంటుంది. చవక, బిగించడం తేలిక. దాని వేడి సెన్సరు పది మీటర్లు దాటితే అంతంత మాత్రమే. పైగా మన వేసవి పగళ్లలో చుట్టూ గాలి వేడి ఒంటి వేడికి దగ్గరవుతుంది కనుక మనిషిని పసిగట్టడం ఇంకా తగ్గుతుంది. లేచేలోపు మనిషి దాటిపోవచ్చు కూడా. షెడ్డు తలుపు లాంటి ఇరుకు చోటికి ఇది బాగానే ఉంటుంది.

రెండోది ఎప్పుడూ మేలుకుని ఉండే 4జీ కెమెరా, వేరే ప్యానెల్, వేరే బ్యాటరీతో. పొలానికి, లేఅవుట్‌కు, కట్టుబడి చోటికి నేను దీన్నే చెబుతాను. గుండ్రంగా తిరిగే కెమెరా చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ మోటారు కరెంటు తింటుంది, పైగా దొంగ వచ్చినప్పుడు అది ఇంకో వైపు చూస్తూ ఉండవచ్చు. కదలని కెమెరాలు రెండు పెట్టుకోవడం మేలు.

కొనేటప్పుడు ఒకటి తప్పకుండా అడగండి. సీసీ కెమెరాల భద్రతకు కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది, అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులో ఉన్నాయి. ఆ నిబంధనల పరీక్ష నెగ్గి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న మోడల్ అయితేనే తీసుకోండి. మీ తోటను మీరు తప్ప ఇంకెవరూ చూడకుండా ఉండాలంటే ఇది మొదటి మెట్టు.

4. కరెంటు లెక్క

ఇక్కడ తొందరపడకండి. కెమెరా బతకడం, చావడం అంతా ఈ లెక్క మీదే ఉంది.

మొదట తిండి. పెట్టె మీద రాసిన వాట్లు నమ్మకుండా, వీలైతే డీసీ మీటరు పెట్టి కొలిపించండి. మామూలు 4జీ బుల్లెట్ కెమెరా పగలు 4 వాట్లు, రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరా వేసే, కంటికి ఆనని వెలుగు) వెలిగాక 7, 8 వాట్లు తీసుకుంటుంది. సగటున 6 అనుకుందాం. 24 గంటలకు 144 వాట్ అవర్స్ (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). వైర్లలో, ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్‌లో, బ్యాటరీలో పోయేదానికి పావు వంతు కలిపితే రోజుకు 180.

తరువాత బ్యాటరీ. మూడు రోజులు ఎండ అసలు లేకుండా నడవాలని పట్టుబట్టండి. 180 ఇంటూ 3, అంటే 540 వాట్ అవర్స్. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో, షాపులో ఎల్‌ఎఫ్‌పీ అని అడగండి, దాదాపు 90 శాతం దాకా వాడుకోవచ్చు. 12.8 వోల్టుల 50 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్) బ్యాటరీ అంటే రెండూ గుణిస్తే 640 వాట్ అవర్స్, అందులో వాడుకోదగ్గది 570 దాకా. సరిపోతుంది. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ అయితే సగానికి మించి దించకూడదు, కాబట్టి 12 వోల్టుల 100 ఏహెచ్ కావాలి. కారు బ్యాటరీ మాత్రం వద్దు. అది ఒక్కసారి గట్టిగా తోయడానికి చేసింది, రోజూ దిగి ఎక్కడానికి కాదు.

ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ కిట్ల మీద 20 ఏహెచ్ అని పెద్దగా రాసి ఉంటుంది. ఎన్ని వోల్టుల దగ్గర అని అడగండి. 12.8 వోల్టుల దగ్గర అయితే 256 వాట్ అవర్స్, మన లెక్కన రోజున్నర కూడా రాదు. చాలా వాటిలో అది 3.7 వోల్టుల సెల్లు, అంటే 74 వాట్ అవర్స్ మాత్రమే. సాయంత్రం ఆరుకు నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లవారేలోపు అయిపోతుంది. ఏహెచ్ అంకె పక్కన పెట్టి ఎన్ని వాట్ అవర్స్ అని అడిగితే సగం మోసాలు అక్కడే తేలిపోతాయి.

ఇక ప్యానెల్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడే ఎండనంతా నడినెత్తి ఎండగా కుదించి చూస్తే మన వైపు రోజుకు నాలుగున్నర గంటలుగా లెక్క వేసుకోవచ్చు. రోజు తిండి 180 కాబట్టి 40 వాట్ల ప్యానెల్ సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. మామూలు రోజుకు అది నిజమే అనిపిస్తుంది. ముసురు పోయాక సంగతి చూడండి. ఖాళీ అయిన 540 నిండాలి, ఆ రోజుల తిండీ రావాలి. రెండు రోజుల్లో కోలుకోవాలంటే రోజుకు 450 రావాలి. నాలుగున్నరతో భాగిస్తే 100 వాట్లు. దుమ్ముకు, వేడికి పావు వంతు పోతుంది కనుక 135. బజారులో దొరికే 150 లేదా 160 వాట్ల ప్యానెల్ తీసుకోండి. మబ్బులో కూడా అంత ప్యానెల్ కొద్దో గొప్పో ఇస్తూనే ఉంటుంది, ఆ కాస్తే నాలుగో రాత్రిని గట్టెక్కిస్తుంది. 40 వాట్ల ప్యానెల్ అయితే ముసురు పోయాక కూడా బ్యాటరీ రోజుల తరబడి అడుగునే ఉంటుంది, అంతలో ఇంకో అల్పపీడనం వస్తుంది.

డబ్బు తక్కువైతే కెమెరాలో తగ్గించుకోండి, బ్యాటరీలో ప్యానెల్‌లో తగ్గించకండి. 2 మెగాపిక్సెల్ కెమెరా రాత్రంతా నడవడం, 8 మెగాపిక్సెల్ కెమెరా అర్ధరాత్రి ఆగిపోవడం, ఈ రెండిట్లో ఏది మేలో మీకే తెలుసు.

ఛార్జ్ కంట్రోలర్ ఎంపీపీటీ రకం (ప్యానెల్ ఇవ్వగలిగినంతా రాబట్టేది) అయితే మబ్బు రోజుల్లో కాస్త ఎక్కువ లాగుతుంది. ఇంటి మీద వేసే పెద్ద ప్యానెల్ మిగిలి ఉంటే దాని వోల్టేజీ ఎక్కువ కనుక ఎంపీపీటీ తప్పనిసరి. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సరిగ్గా ఎంచుకోండి. ట్యూబులర్ సెట్టింగులో లిథియం పెడితే బ్యాటరీ పాడవుతుంది.

లంబసింగి లాంటి చోట పెడుతుంటే ఇంకో జాగ్రత్త. అక్కడ చలికాలం కొన్ని తెల్లవారుజాములు సున్నా దగ్గరికి దిగుతాయి. సున్నా కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. చలికి ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్) ఉన్నదే కొనండి. పొగమంచు పొద్దెక్కేదాకా పోదు కనుక ప్యానెల్ కూడా ఒక సైజు పెద్దది తీసుకోండి.

5. స్తంభం, పునాది, ప్యానెల్

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ చూసినవాళ్లకు గాలి సంగతి చెప్పనక్కర్లేదు. కట్టడాల ప్రమాణాల్లో విశాఖకు పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంత గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది. మీ 160 వాట్ల ప్యానెల్ ఇంచుమించు ఒక చదరపు మీటరు. నాలుగు మీటర్ల ఎత్తున ఆ తోపు తట్టుకోవాలి. రెండంగుళాల పైపు వంగిపోతుంది. నాలుగు అంగుళాల బి క్లాస్ జీఐ పైపు, అడుగున ముప్పావు మీటరు చదరం, 1.2 మీటర్ల లోతు కాంక్రీటు దిమ్మ వేయించండి. ఒడ్డున ఇసుక నేల అయితే దిమ్మ ఇంకా పెద్దది కావాలి, స్థానిక మేస్త్రీతో ఒకసారి ఇంజనీరునూ అడగండి. దిమ్మ వేశాక వారం రోజులు తడుపుతూ ఉండి అప్పుడే బరువు ఎక్కించండి.

ప్యానెల్ ముఖం దక్షిణానికి, వాలు 20 డిగ్రీల దరిదాపు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఏ నీడా పడకూడదు. ఒక్క కొబ్బరి మట్ట నీడ అడ్డంగా పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. దొంగలు ప్యానెల్‌నే విప్పుకుపోకుండా, మామూలు స్పానర్‌కు రాని నట్లు వేయించి, వాటి తాళం మీ దగ్గర పెట్టుకోండి.

తుఫాను హెచ్చరిక వచ్చి, విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం పెద్ద గాలులు చెబుతుంటే, ఆ తాళంతో ప్యానెల్ దింపి లోపల పెట్టేయండి. కెమెరాను అలాగే ఉంచండి. మూడు రోజుల బ్యాటరీ ఉన్నది ఇందుకు కూడా.

6. ఉప్పు గాలి, దుమ్ము, పిడుగు

సముద్రానికి దగ్గరలో రంగు వేసిన ఇనుము రెండు వానాకాలాలు నిలబడితే గొప్ప. హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన ఇనుము, ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వాడండి. 304 రకం కూడా ఒడ్డున మచ్చలు పడుతుంది. కెమెరా, పెట్టె ఐపీ66 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోని స్థాయి) తగ్గకూడదు. కేబుల్ కనెక్టర్ల మీద తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి, ఎలక్ట్రికల్ టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. కేబుల్ పెట్టెలోకి కింది నుంచి ఎక్కాలి, ఎక్కేముందు ఒక వంపు తిరగాలి. అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

బ్యాటరీ పెట్టె ప్యానెల్ నీడలో, స్తంభానికి ఉత్తరం వైపు, చేతికి అందని ఎత్తులో ఉండాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. తెల్ల రంగు, గాలి ఆడే జాలీ, జాలీకి దోమ వల.

పరవాడ, గాజువాక వైపు బూడిద, దుమ్ము ఎక్కువ. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి పొద్దున చల్లగా ఉన్నప్పుడు నీళ్లతో, మెత్తటి గుడ్డతో ప్యానెల్ తుడవండి.

పిడుగుకు: స్తంభాన్ని జీఐ రాడ్‌తో భూమికి ఎర్తింగ్ చేయండి, ప్యానెల్ వైపు డీసీ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. నేరుగా పడిన పిడుగును ఇదేదీ ఆపలేదు, దగ్గరలో పడినదాని నుంచి చాలా వరకు కాపాడుతుంది.

7. వైర్లు, కలిపే వరుస

12 వోల్టుల కరెంటు సన్న వైరులో దూరం పోలేదు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరులో 20 మీటర్ల దూరానికి ఒక ఆంపియర్ పంపితే 0.7 వోల్టు దారిలోనే పోతుంది. పగలు తెలియదు. రాత్రి బ్యాటరీ దిగి, ఐఆర్ వెలిగినప్పుడు కెమెరా ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. అలా జరిగితే కెమెరాను తిట్టే ముందు దాని దగ్గర వోల్టేజీ కొలవండి. మందమైన వైరు వేయండి, లేదా బ్యాటరీని కెమెరా స్తంభం మీదే పెట్టండి.

బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలపండి, తరువాత ప్యానెల్, చివర కెమెరా. విప్పేటప్పుడు దీనికి తలకిందులు.

8. సెట్టింగులు

1 ఎంబీపీఎస్ వీడియో రోజంతా పంపితే దాదాపు 11 జీబీ. రోజుకు 2 జీబీ ప్లాను నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. అందుకే రికార్డింగ్ అంతా కెమెరాలోని మెమరీ కార్డు మీదే జరగాలి. 128 జీబీ కార్డులో పదకొండు రోజులు పడుతుంది. నిఘాకు చేసిన హై ఎండ్యూరెన్స్ కార్డే కొనండి. మీ ఫోనుకు మనిషి కనబడినప్పటి హెచ్చరిక, చిన్న క్లిప్ వస్తే చాలు, మిగతాది కావలసినప్పుడు తెరిచి చూస్తారు. తుఫానులో టవర్లు పడిపోయినా కార్డు మీద రికార్డింగ్ ఆగదు. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.265, సెకనుకు 10 నుంచి 12 ఫ్రేములు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. తేదీ, సమయం భారత కాలమానానికి ఆటోమేటిక్‌గా సరిపడేలా పెట్టండి.

ఐఆర్ వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, కెమెరా ముందు గూడు కడుతుంది. రాత్రంతా దొంగ వచ్చినట్టు హెచ్చరికలు మోగితే మీరు విసిగి ఫోన్ సైలెంట్‌లో పెడతారు, నిఘా అక్కడితో సరి. కెమెరాలో మనిషిని మాత్రమే గుర్తించే సెట్టింగు పెట్టి, వెళ్లినప్పుడల్లా కర్రకు గుడ్డ చుట్టి గూడు దులపండి.

సిమ్ రీచార్జ్ తేదీకి ఫోనులో గుర్తు పెట్టుకోండి. రీచార్జ్ మరచిపోతే ఇంత లెక్కా వృథా. ఏడాది ప్లాను వేయిస్తే సుఖం.

9. చుట్టుపక్కలవాళ్లు, చట్టం

పక్క తోట రైతుతో, ఊరివాళ్లతో ముందే చెప్పండి. బోరు దగ్గర ఆడవాళ్లు స్నానం చేసే, బట్టలు ఉతికే చోటు కెమెరాలో పడకూడదు. యాప్‌లో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే సౌకర్యం ఉంటుంది, వాడండి. నేవీ, పోర్టు ప్రహరీల వైపు కెమెరా తిప్పకండి. గేటు మీద తెలుగులో నిఘా బోర్డు పెట్టండి.

దొంగతనం జరిగితే ఫోనులోకి వచ్చిన క్లిప్ ఒక్కటే చాలదు. వెంటనే కార్డు తీసి, దాని మీద మళ్లీ రికార్డు కాకుండా భద్రపరచి, వేరే కార్డు పెట్టండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) ఇవ్వాలి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడే ఆ నమూనా ఫారం అడిగి తీసుకోండి.

10. ముసురు పరీక్ష

అంతా బిగించి, బ్యాటరీ నిండాక, ప్యానెల్ మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టేయండి. మూడు పగళ్లు, మూడు రాత్రులు అలాగే వదిలేయండి. రోజూ పొద్దున, సాయంత్రం యాప్ తెరిచి చూసి, వోల్టేజీ రాసుకోండి. నాలుగో పొద్దున కెమెరా ఇంకా నడుస్తుంటే టార్పాలిన్ తీసి, ఎన్ని రోజులకు బ్యాటరీ మళ్లీ నిండిందో చూడండి. రెండు రోజుల్లో నిండితే ప్యానెల్ సరిపోయింది. అంతకంటే ఎక్కువ పడితే నీడ ఉందేమో వెతకండి, లేకపోతే ఇంకో ప్యానెల్ జోడించండి.

మూడో రాత్రి ఆగిపోతే, టార్పాలిన్ తీయగానే తనంతట తానే తిరిగి మొదలైందా లేదా గమనించండి. మొదలు కాకపోతే కంట్రోలర్‌లో తిరిగి కలిసే వోల్టేజీ సెట్టింగు సరిచేయాలి. కెమెరా లేచి 4జీ మాత్రం తగులుకోకపోతే, రోజుకోసారి నిమిషం పాటు కరెంటు ఆపి మళ్లీ ఇచ్చే 12 వోల్టుల టైమర్ పెట్టండి. ఈ పరీక్షను బిగించినవాడి ఎదుటే మొదలుపెట్టి, మిగతా డబ్బు నాలుగో రోజు ఇస్తానని ముందే మాట్లాడుకోండి. ఆ తరువాత ఏటా ఆగస్టు ఆఖరులో ఒకసారి చేసి చూసుకోండి. బ్యాటరీ ముసలిదవుతున్న సంగతి వాయుగుండాల కన్నా ముందే తెలిసిపోతుంది, మార్చుకోవడానికి నెల రోజుల వ్యవధి ఉంటుంది.